పండుగకు ముందు రాలిన మామిడి టెంకలు

ల్యాబు ఉద్యోగాల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను వెతుక్కుంటూ వస్తారు. "సార్, మీ రోజుల్లో ఎలా ఉండేది?" అని మర్యాదగా మొదలుపెడతారు. టీ గ్లాసు సగానికి వచ్చేసరికి, నేను చెప్పేదాంట్లో ఎంత తీసేసి వినాలో వాళ్ళ మొహాల్లోనే తెలిసిపోతూ ఉంటుంది. వాళ్ళను తప్పుపట్టను. ఇనుప గనుల కిరందుల్ టౌన్‌షిప్‌లో నా మాటకు ఆ విలువ ఊరికే రాలేదు, ఏళ్ళ తరబడి కష్టపడి సంపాదించుకున్నాను.

కొండ మీద ఖనిజం ఎంత ఘనమైనదంటే, మా సూపర్‌వైజరు బూట్లకున్న ఇనుప నాడాలు నేలకు అతుక్కుపోయాయనీ, చివరికి బూట్లు అక్కడే వదిలేసి మనిషిని మాత్రం లాక్కొచ్చామనీ చెప్పింది నేనే. ఆ రకం ఇనుపరాయి అయస్కాంతానికి అంతగా అంటుకోదని తెలిసినవాళ్ళు దయచేసి నోరు మెదపవద్దు. విశాఖ నుంచి మా రైలు ఘాటెక్కే వేగం చూసి విసుగొచ్చి, దిగి, స్టవ్వు వెలిగించి, టీ కాచుకుని, చివరి పెట్టెలో మళ్ళీ ఎక్కానని చెప్పిందీ నేనే. స్టవ్వు సంగతి కొంచెం కల్పించాను.

అయితే ఇప్పుడు చెప్పబోయేది నిజం. ఇలా అన్నప్పుడల్లా మా ఇంటావిడ వంటింట్లోంచి దగ్గుతుంది. అయినా చెబుతాను.

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి గని పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను గని వారి ల్యాబులో చేరాను. రాయి పొడి చేయడం, ఆమ్లంలో కరిగించడం, అందులో ఇనుమెంతో తేల్చడం నా పని. ఎర్ర దుమ్ము ఎంతగా పట్టేదంటే, మా బనియన్లు ఉతికిన నీళ్ళను కూడా పరీక్షకు పెట్టొచ్చని చెప్పుకునేవాళ్ళం. నడివయసులోనే స్వచ్ఛందంగా రిటైరయ్యాను. ఇంట్లో కూర్చోవడం వారంలోపే నా వల్ల కాలేదు, మా ఇంటావిడ వల్ల అంతకంటే ముందే కాలేదు. అప్పుడే గీదంలో ఒక చిన్న పరిశోధన ల్యాబు పెడుతున్నారనీ, కొలిమి దగ్గర చేయి తిరిగినవాడు కావాలనీ తెలిసింది. వెళ్ళి చేరాను.

ల్యాబు అంటే తెల్ల కోట్లు, అద్దాల గదులు ఊహించుకోకండి. బస్టాండు వెనక, ఒకప్పుడు చింతపండు గోదాముగా ఉన్న రెండు గదులు. వాన పడితే గోడలు పులుపు వాసన కొట్టేవి. మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి అందరికీ ఉన్నట్టుండి పులిహోర గుర్తొచ్చేది. ఒక ఎలక్ట్రిక్ కొలిమి, ఒక పాత మైక్రోస్కోపు, ధ్వని తరంగాలతో పొడిని విడదీసే తొట్టి ఒకటి. అది నడుస్తున్నంతసేపూ తేనెటీగల పట్టు పక్కన కూర్చున్నట్టుండేది. ఇప్పటికీ ఎక్కడైనా చింతపండు వాసన వస్తే నా చెవుల్లో ఆ గుయ్యి మొదలవుతుంది.

ల్యాబుకు పెద్ద మా మేడమ్. గుంటూరు వైపు మనిషి, నాకంటే చాలా చిన్నది. చదువు ఎంత ఎక్కువో గొంతు అంత తక్కువ. ఆవిడకున్న ఒకే ఒక్క లోపం, అబద్ధం ఆడలేకపోవడం. పెళ్ళికి పిలిచినవాళ్ళు "భోజనం ఎలా ఉందమ్మా?" అని అడిగితే "సాంబారులో ఉప్పు ఎక్కువైందండీ" అని చెప్పే రకం. ఆవిడనూ నన్నూ ఒకే గదిలో పెట్టిన దేవుడికి కాస్త హాస్యం తెలుసనుకుంటాను. మూడో మనిషి మా జీపు డ్రైవరు. గీదం వాడే. ఇంట్లో హల్బీ, బజార్లో హిందీ, మా దగ్గర తెలుగు. కోపం వస్తే మూడూ కలిపి వాడేవాడు.

చేరిన మొదటి రోజే మేడమ్ ఒక పెన్సిలు ముక్కా, అతికించే ప్లాస్టిక్ టేపూ నా ముందు పెట్టింది.

"పెన్సిలు ముల్లు దేనితో చేస్తారో తెలుసుగా?"

"గ్రాఫైటు."

"అది పూతరేకుల దొంతర అనుకోండి. రేకు మీద రేకు. ఒక్కొక్క రేకులో కర్బన అణువులు తేనెపట్టు గదుల్లా అల్లుకుని ఉంటాయి. రేకుకూ రేకుకూ మధ్య పట్టు తక్కువ, అందుకే పెన్సిలు కాగితం మీద రాలుతుంది. ఇప్పుడు ఒక్క రేకును విడదీయండి."

పెన్సిలు గీత మీద టేపు అంటించి పీకాను. మసి అంటింది. ఆ టేపును మడిచి మళ్ళీ పీకాను, మసి రెండయింది. మళ్ళీ మళ్ళీ పీకగా బూడిద రంగు పొర మిగిలింది. దాన్ని మెరిసే పలక మీద నొక్కి, మైక్రోస్కోపు కింద పెట్టి, ఒక మూల చూడమంది. ఏమీ కనబడలేదు. తర్వాత, నీళ్ళలో పడ్డ వంకాయ తొక్క రంగు నీడలా ఏదో కనబడీ కనబడనట్టు కనబడింది.

"అదేనండీ గ్రాఫీన్. ఒక్క అణువు మందం. దీనికంటే పలచటి రేకు ఉండదు, ఎందుకంటే దీని తర్వాత విడదీయడానికి ఇక ఏమీ లేదు."

ఇంకా చెప్పింది. ఈ రేకు మచ్చ లేకుండా గజమంత తయారైతే, ఉయ్యాలలా కట్టి దాని మీద కోడిపుంజును కూర్చోబెట్టొచ్చు. తెగదు. ఆ ఉయ్యాల బరువు పుంజు ఈకలో చిన్న ముక్కంత కూడా ఉండదు. చిటికెడు గ్రాఫీన్ రేకులను పక్కపక్కన పరిస్తే గీదం సంత మైదానం నిండిపోతుంది.

నేను కుర్చీలో వెనక్కి వాలాను. పిల్లలూ, ఆ క్షణంలో నాకు కలిగిన అసూయ మీకు అర్థం కాదు. ఇన్నేళ్ళుగా ఇంత కష్టపడి అబద్ధాలు అల్లుతున్నాను, ఇంత పెద్దది ఒక్కటీ నా బుర్రకు తట్టలేదు. ఆవిడేమో దాన్ని సాంబారులో ఉప్పు ఎక్కువైందన్నంత మామూలుగా చెప్పేసింది.

మా పని బొగ్గు లోంచి అలాంటి రేకులు తీయడం. మా దగ్గర వచ్చేవి ఒంటిరేకులు కావు, కొన్ని రేకులు అంటుకుని, ముడతలు పడి ఉండేవి. బయట నేను గ్రాఫీన్ అన్నప్పుడల్లా మేడమ్ నా చొక్కా లాగేది. "గ్రాఫీన్ లాంటిది అనండి. 'లాంటిది' మరిచిపోకండి." వరి ఊక కాల్చాం, సాలు చెట్టు రంపపు పొట్టు కాల్చాం, చింతకాయల పెంకులు కాల్చాం. అన్నిటికంటే మామిడి టెంక బాగా పనికొచ్చింది. టెంక చిప్పను పొడిచేసి, ఘాటైన క్షారం కలిపి, గాలి తగలకుండా కాల్చి, కడిగి, ఆ గుయ్యిమనే తొట్టిలో వేస్తే నల్లటి రేకుల పొడి వచ్చేది. దాన్ని ఇసుకకు పట్టించి డ్రమ్ములో నింపితే, నీళ్ళలో కరిగిన ఇనుమును పట్టుకునేది. జీవితమంతా రాయిలో ఇనుమెంతో చూసినవాణ్ణి, ఇప్పుడు నీళ్ళలో ఇనుము లేకుండా చేయడం నా పని. మా పాత సూపర్‌వైజరుకు ఈ మాట చెబితే "జీతం కోసం ఎంతకైనా తెగిస్తావురా" అన్నాడు.

బాసగూడ దారిలో దోర్ల గిరిజనుల ఊరు ఒకటి. అక్కడి బోరింగు నీళ్ళు కొట్టిన క్షణంలో తెల్లగా ఉండి, బిందె ఇంటికి చేరేసరికి ఎర్రబడేవి. ఆ నీళ్ళతో వండితే అన్నం నల్లబడేది. అందుకని ఆడవాళ్ళు వాగులో చెలమ తవ్వి, ఊరిన నీళ్ళను చిప్పతో తోడుకునేవారు. వాగు ఎండితే చెలమ కూడా ఎండేది. మా డ్రమ్ము పెట్టాల్సింది ఆ బోరింగుకే.

ఆ ఊళ్ళో ఆడవాళ్ళ సంఘానికి పెద్ద ఒకామె ఉండేది. మొదటిరోజే వాళ్ళింట్లో జావ తాగాను. గిన్నె ఖాళీ చేసి "అత్తా, ఇంకొంచెం" అన్నానో లేదో, ఆమె "ఇంగో, జావకోసం అల్లుడైండు" అంది. అప్పట్నుంచి ఆమె నాకు అత్త, నేను ఆమెకు అల్లుణ్ణి. సంతలో కనబడితే ఉప్పూ ఎండుచేపలూ కొనుక్కుంటూనే అడిగేది, "అల్లుడా, ఇయ్యాల ఏం అబద్దం తెచ్చినవ్?"

ఒకసారి గ్రాఫీన్ సంగతి చెప్పాను. అంతా నిజమే. కోడిపుంజు ఉయ్యాల, సంత నిండా పరిచే చిటికెడు మసి, అన్నీ. చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. ఊరి పూజారి కూడా అక్కడే ఉన్నాడు. ఎండిన చింతబరికెలా ఉండే ముసలాయన. నవ్వకుండా అడిగాడు.

"పుంజు ఉత్తగ కూసుంటదా, కుయ్యొచ్చునా?"

"కుయ్యొచ్చు తాతా."

"కాలికి కత్తి కట్టినంక గూడ?"

నేను ఇరుక్కుపోయాను. కత్తి సంగతి మేడమ్ చెప్పలేదు. ఆ రోజు నుంచి ఆ ఊళ్ళో నా పేరు అబద్దాల సారు.

నిజం చెప్పేవాళ్ళకు ఈ లోకంలో మంచి రోజులు లేవు. మరో ముక్క వినండి. నల్లపొడి డబ్బాతో జీపులో పోతుంటే జవాన్ల తనిఖీ కేంద్రం దగ్గర ఆపారు. కుర్ర జవాను డబ్బా మూత తీసి, "యే క్యా హై?" అన్నాడు. కర్బనం, ఒక్క అణువు మందం రేకులు, లోహాన్ని పట్టుకుంటాయి అని మేడమ్ శ్రద్ధగా వివరించింది. మందుగుండు అనుకున్నాడేమో, అతని మొహం బిగుసుకుంది, చెయ్యి వాకీటాకీ మీదికి పోయింది. నేను డబ్బాలో వేలు ముంచి పళ్ళు తోముకుంటూ, "దంత్ మంజన్ హై సాబ్" అన్నాను. అతను నవ్వి పంపించేశాడు. ఊరు చేరేదాకా మేడమ్ నాతో మాట్లాడలేదు. నోరు నల్లగా ఉంది కనక నేనూ మాట్లాడలేదు.

ఒక ఏడు వేసవికి ముందు, మాకు డబ్బిచ్చే రాయ్‌పూర్ ఆఫీసు నుంచి కబురొచ్చింది. తనిఖీ బృందం అనుకున్నదానికంటే ముందే వస్తోంది. ఊరివాళ్ళు డ్రమ్ము నీళ్ళు తాగుతూ కనబడితే పని కొనసాగుతుంది, అక్కడే ఇంకా డ్రమ్ములు వస్తాయి. తాగకపోతే పెట్టిన డ్రమ్మును విప్పి వేరే జిల్లాకు తీసుకుపోతారు, మా గోదాముకు తాళం పడుతుంది. మేడమ్‌కు ఆ పని తప్ప ఇంకే పనీ చేతిలో లేదు. ఊరివాళ్ళకు చెలమ తప్ప ఇంకే నీళ్ళూ లేవు, అది కూడా అడుగంటుతోంది.

చిక్కల్లా టెంకల దగ్గర వచ్చింది. పోయినేటి ఎండు టెంకలు అయిపోయాయి. బజార్లో దొరికినవాటికి పురుగు పట్టింది. ఏం చేద్దామా అనుకుంటుండగా ఒక సాయంత్రం గాలివాన కొట్టింది. మర్నాడు మేం ఆ ఊరి దారిన వెళుతుంటే బాట పొడుగునా మామిడికాయలు రాలి ఉన్నాయి. అడవి మామిడి, గుప్పెడంత కాయలు, టెంక అప్పుడప్పుడే గట్టిపడుతోంది. డ్రైవరూ నేనూ గోతాలు నింపాం. నాకు నోరూరి ఒకటి కొరకబోతే డ్రైవరు చెయ్యి పట్టుకున్నాడు.

"నక్కో సార్‌జీ! పండుగ కాలేదు."

అక్కడ ఏ కొత్త పంటైనా, ఏ కొత్త కాయైనా, ఊరంతా కలిసి దాని పండుగ చేసి, ఊరి దేవత తల్లికి పెట్టుకున్నాకే నోట్లో వేసుకుంటారు. ఇప్పపువ్వుకొకటి, చిక్కుడుకొకటి, మామిడికొకటి. పండుగ ఎప్పుడో పూజారి చెబుతాడు. అంతవరకు కొమ్మ మీద కాయ ఎంత ఊరించినా ముట్టరు. ఇదంతా నాకు తెలియని సంగతి కాదు. పుట్టి పెరిగింది ఇక్కడే.

"మరి గోతాల్లోకి ఎత్తామేంటయ్యా?"

"ఖానా మనా హై సార్‌జీ, జలానా థోడీ మనా హై!" అన్నాడు. తినకూడదు గాని కాల్చకూడదని ఎవరన్నారు, అని.

ఎంత తెలివైన మాటో చూడండి. నాకు నచ్చింది. మేడమ్‌కు చెబితే ఆవిడకూ సబబుగానే తోచింది. పైగా ఆ లేత టెంకలకు రేకులు ముదురు టెంకల కంటే బాగా విచ్చాయి. ఆవిడ మైక్రోస్కోపు ముందు కూర్చుని, చిన్నపిల్లలా చేతులు రుద్దుకుంది. కాల్చిన ఆ మసిలోంచి వచ్చే నీళ్ళు రేపు ఎవరో తాగుతారన్న సంగతి, రసాయన శాస్త్రం చదివిన మా ఇద్దరికీ గాని, ఆచారం తెలిసిన డ్రైవరుకు గాని తట్టలేదు.

తనిఖీకి ముందురోజు డ్రమ్ము బిగించాం. ఊరంతా చేరింది. బోరింగు కొడితే ఎర్రనీళ్ళు డ్రమ్ములోకి పోయి, కింద కుళాయిలోంచి స్వచ్ఛంగా వచ్చాయి. అత్త దోసిట్లో పట్టి వెలుతురుకు ఎత్తి చూసింది. అందరి మొహాలూ వెలిగాయి. అంతమంది ముందు నా నోరు ఊరుకుంటుందా?

"ఇదంతా ఏంటనుకుంటున్నారు? ఎక్కడో విదేశాల మందు కాదు. మొన్న గాలివానకు మీ ఊరి బాట మీద రాలిన మామిడికాయలు! వాటి టెంకలే!"

చప్పట్లు వస్తాయనుకున్నాను. అత్త దోసిట్లో నీళ్ళు నెమ్మదిగా నేల మీదికి జారాయి. ఒకామె బిందె ఎత్తుకుని వెనక్కి జరిగింది. ఇంకొకామె కూడా.

"ఈయేటి మామిడా?" అంది అత్త.

నాకు అప్పుడు అర్థమైంది. డ్రైవరు నా కంటే ముందే అర్థం చేసుకుని జీపు చాటుకు పోయాడు.

"పండుగ గాలె గదా అల్లుడా. మేమెట్ల తాగుతం?" అంది. కోపంగా అనలేదు. అన్నానికి కూర్చున్న మనిషి ముందునుంచి విస్తరి తీసేసినట్టుంది ఆ గొంతు. ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. పూజారి మాత్రం డ్రమ్ము చుట్టూ ఒకసారి తిరిగి, కుళాయి కింద వేలు పెట్టి చూసి పోయాడు.

జీపులో తిరిగి వస్తుంటే డ్రైవరు మొదలుపెట్టాడు. "సార్‌జీ, రేపు పొద్దున్న పోయి, నిన్న తమాషాకి చెప్పిన, టెంకలు పోయినేటివి అని చెప్పండి. ఖతం. మీకు కొత్తా ఏమన్నా?"

నిజమే, నాకు కొత్త కాదు. అంతకంటే సులువైన అబద్ధం నా జన్మలో దొరకలేదు. అల్లాల్సిన పని కూడా లేదు, ఒక్క మాట మారిస్తే చాలు. ఒక ఊరి నీళ్ళు, మేడమ్ పని, నా కొలిమి, అన్నీ దక్కుతాయి. మాటలు కూర్చుకుంటూ మేడమ్ వైపు చూశాను.

"వద్దండీ" అంది ఆవిడ, కిటికీలోంచి బయటికి చూస్తూనే. "డ్రమ్ము పోతే పోనివ్వండి. వాళ్ళు దేన్ని తాగుతున్నారో వాళ్ళకు తెలియాలి. అంతే."

"మరి రేపు వాళ్ళొస్తే ఏం చెబుతారు?"

"పండుగ కాలేదని చెబుతాను."

"రాయ్‌పూర్ వాళ్ళకా?"

"నిజమేగా!"

ఇక ఆ మనిషితో ఏం మాట్లాడతాం. గీదం చేరాం. గోదాము తాళం తీస్తుంటే చింతపండు వాసన వచ్చింది. ఇంకెన్ని రోజులు పీలుస్తానో అనిపించి, గుమ్మంలో కాసేపు ఊరికే నిలబడ్డాను.

మర్నాడు పొద్దెక్కాక తనిఖీ బృందం వచ్చింది. వాళ్ళ పెద్దకు తెల్లటి టోపీ, తెల్లటి బూట్లు. ఆ బూట్లు మా మట్టిలో ఎంతసేపు తెల్లగా ఉంటాయా అని నేను చూస్తున్నాను. ఊరివాళ్ళంతా వచ్చారు గాని దూరంగా, వరసగా, చేతులు కట్టుకుని నిలబడ్డారు. బిందెలు ఖాళీగా ఉన్నాయి. మేడమ్ నీళ్ళ పరీక్ష చేసి చూపించింది, రంగు రాలేదు. టోపీ ఆయన తల ఊపాడు.

"బహుత్ బఢియా. లేకిన్ కోయీ పీ క్యోం నహీం రహా?"

బాగుంది గాని ఎవరూ తాగడం లేదేం అని. మేడమ్ గొంతు సవరించుకుంది. అయిపోయింది అనుకున్నాను. సరిగ్గా అప్పుడు పూజారి జనంలోంచి ముందుకొచ్చి, కర్ర నేలకు తాటించి, ఆవిడ దగ్గరికి కాకుండా తిన్నగా నా దగ్గరికి వచ్చాడు.

"ఏంది సారూ, అందరూ ఇనేటట్టు చెప్పు. ఈ డ్రమ్ముల ఉన్నయి ఏ యేటి టెంకలు?"

నా నాలుక మీద "పోయినేటివి" సిద్ధంగా ఉంది. ఊరంతా నా నోటి వంక చూస్తోంది. మేడమ్ నా వైపు చూడలేదు. ఆవిడ తన చేతిలోని గాజు గొట్టం వైపు చూస్తోంది, దాన్ని ఎంత గట్టిగా పట్టుకుందంటే విరుగుతుందేమో అనిపించింది. ఆవిడ చూసి ఉంటే అబద్ధం ఆడేవాణ్ణేమో. చూడలేదు.

"ఈయేటివే తాతా" అన్నాను.

"ఈయేటివేనా?"

"మీ ఊరి బాట మీద రాలినవే. నేనే ఏరాను."

పూజారి జనం వైపు తిరిగాడు. "ఇన్నరా? ఈయన ఏమంటుండో ఇన్నరా? ఈయన మనకు ఇన్నేండ్లల ఒక్కనాడన్న నిజం చెప్పిండా? చిటికెడు మసిని సంతంత చాప పరుస్తనన్నడు. కండ్లకు ఆనని ఉయ్యాల మీద పుంజును కూసోబెడ్తనన్నడు. రైలు దిగి టీ కాసుకున్ననన్నడు. గసుంటోని నోట్లెకెల్లి 'ఈయేటివి' అనొచ్చిందంటే, ఏ యేటివన్నట్టు?"

అత్త పకపకా నవ్వింది.

"పోయినేటివే!"

"గదే మరి! ఇంగ తాగుండ్రి."

"తాతా, నిజంగా ఈయేటివే!" అని అరిచాను.

"సూసిండ్రా, ఇంగా ఆగుతలేడు" అన్నాడు పూజారి.

నవ్వులతో బోరింగు చుట్టూ జనం ముసిరారు. బిందె మీద బిందె. ఎవరో పిల్లకు దోసిట్లో పట్టి తాగిస్తున్నారు. అత్త నా పక్కనుంచి పోతూ, "నీ అబద్దాలు ఎన్నటికన్న పనికొస్తయని నేనప్పుడే అన్న గద అల్లుడా" అంది. జీవితంలో మొదటిసారి నిజం పలికి, దాన్ని నమ్మించలేక, అందరి ముందు నోరు తెరుచుకుని నిలబడ్డాను.

టోపీ ఆయన మేడమ్‌ను అడిగాడు, ఆ ముసలాయన ఏమన్నాడని. మేడమ్ ఒక క్షణం ఆలోచించి, "మా అసిస్టెంటు అబద్ధాలకోరు అంటున్నారండీ" అని హిందీలో చెప్పింది. అంతకంటే నిఖార్సయిన అనువాదం నేను వినలేదు. ఆయన నా భుజం తట్టి, జనం తాగుతుండగా ఫొటోలు తీయించుకున్నాడు. బూట్లు అప్పటికే ఎర్రబడ్డాయి.

ఆ సందట్లో నేనొకటి గమనించాను. పూజారి కూడా గ్లాసు ఎత్తాడు. నీళ్ళు ఆయన మీసాలు తడిపాయి. గొంతు మాత్రం కదల్లేదు. అందరూ అటు తిరిగినప్పుడు గ్లాసు నెమ్మదిగా మట్టిలో ఒంపేశాడు.

పని కొనసాగింది. మేడమ్‌కు మాత్రం నిద్ర పట్టలేదు. "మనం వాళ్ళను మోసం చేసినట్టా కాదా?" అని కొలిమి దగ్గర అడిగేది, తొట్టి దగ్గర అడిగేది. "నేను నిజమే చెప్పాను కదండీ" అంటే, "అదేగా బాధ" అనేది. చివరికి ఆ ఊళ్ళో మామిడి పండుగ అని కబురు రాగానే జీపెక్కింది. పూజారికి అంతా విడమరిచి చెప్పేదాకా తనకు కుదురు లేదంది.

వెళ్ళేసరికి పూజ అయిపోయింది. ఆకుల్లో కోసిన మామిడి ముక్కలు, డోలు మోత, పిల్లల మూతులకు పులుపు. మేడమ్ పూజారి ముందు చాప మీద కూర్చుని మొదలుపెట్టింది. "పెద్దాయనా, ఆ రోజు ఈయన చెప్పింది నిజమండీ. అవి ఈ యేటివే."

"తెల్సు బిడ్డా" అన్నాడు.

"తెలుసా?"

"ఈ సారు గోతాలు నింపంగ నేను గుట్టమీదికెల్లి సూస్తనే ఉన్న. తెల్వకుండెట్లుంటది?"

మేడమ్ నా వైపు తిరిగింది. నేను గుట్ట వైపు చూశాను.

పూజారి ఆకులోంచి ఒక ముక్క తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. "చెలమ ఎండింది. పండుగ జెయ్యాలంటె కాయకు టెంక ముదరాలె. నీల్ల దూప ఆగమంటె ఆగుతదా? వచ్చినోల్లు డ్రమ్ము ఇప్పుకపోతరని ఈ డ్రైవరు మీ అత్తకు చెప్పిండు. గందుకే తెల్లారకముందే గట్టుమీద తల్లికి గుడ్డు పెట్టి చెప్పుకున్న. తాగేది వాల్లు, తప్పు నాది, ఏమన్నుంటె నామీద ఎయ్యి అని. తల్లికి చెప్పుకునుడు నాకు తెల్సు. మందికి ఎట్ల చెప్పాల్నా అనుకుంటుంటె," నా వైపు గడ్డం ఎత్తాడు, "ఈయన దొరికిండు."

"వాళ్ళు నిజంగా నమ్మారా తాతా?" అన్నాను.

"మీ అత్తను అడుగు."

అత్త చెట్టు కింద మామిడి ముక్కలకు ఉప్పు రాస్తోంది. అడిగాను. నా వైపు చూడకుండానే, "ఏ యేటి ముచ్చట అల్లుడా అది?" అంది.

పూజారి లేచి బోరింగు దగ్గరికి నడిచాడు. తొలి ముక్క అప్పటికే తల్లికి పెట్టారు. రెండోది ఆయన డ్రమ్ము మూత మీద పెట్టాడు. కుళాయి తిప్పి గ్లాసు నింపుకుని, అన్నాళ్ళూ వాగులో మిగిలిన బురదనీళ్ళే తాగిన ఆ మనిషి, ఎత్తిన గ్లాసు దించకుండా తాగాడు. ఈసారి గొంతు కదిలింది. మూతి తుడుచుకుని మేడమ్ వంక చూశాడు.

"ఏంది బిడ్డా, రుచే లేదు!"

మేడమ్ నవ్వింది, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ మరీ నవ్వింది. "అదేనండీ మేం చేసింది."

ఆ తర్వాత కొన్నేళ్ళు ఆ గోదాములో గుయ్యి వినబడింది. ప్రతి యేడూ పండుగ అయ్యాకే టెంకలు తెచ్చేవాళ్ళం. ముదురు టెంకలకు రేకులు కాస్త తక్కువగానే విచ్చేవి. మేడమ్ ఒక్కసారి కూడా లేతవి అడగలేదు. తర్వాత ఆవిడ పెద్ద చోటికి వెళ్ళింది. గోదాములో మళ్ళీ చింతపండు పోస్తున్నారు. డ్రైవరు సొంతంగా జీపు నడుపుకుంటున్నాడు. పూజారి లేడు, ఆయన కర్ర ఆయన మేనల్లుడి చేతికి వచ్చింది. మామిడి పండుగకు నేను ఇప్పటికీ వెళతాను, అత్త చేతి జావ తాగుతాను. డ్రమ్ము మూత మీద ఇప్పటికీ ఒక ముక్క పెడుతున్నారు. ఎందుకు పెడతారని కొత్తగా వచ్చిన బడిపంతులు అడిగితే, అత్త నన్ను చూపించి "ఆ సారును అడుగు, ఏదో ఒకటి చెప్తడు" అంది.

పిల్లలూ, మీలో కొందరి మొహాలు నాకు కనబడుతూనే ఉన్నాయి. సగం తీసేసి వింటున్నారు. తీసేయండి, నాకేం నష్టం లేదు. నా మాట నమ్మకపోవడం వల్లనే ఒక ఊరు ఆ వేసవి నీళ్ళు తాగింది.